ఓటముల పట్టికలో ఒక తప్పు



వ్యక్తిత్వ వికాస గ్రంథాలు చదివే అలవాటున్నవారికి ఒక పట్టిక తప్పక పరిచయమై ఉంటుంది. అబ్రహాం లింకన్ పరాజయాల పట్టిక అది. వ్యాపారంలో నష్టం, శాసనసభ ఎన్నికలో ఓటమి, సెనేటుకు రెండుసార్లు ఓటమి, ఇలా ఒకదాని క్రింద ఒకటి పేర్చి, చిట్టచివర 1860 అధ్యక్షపదవి అని ముగిస్తారు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నేనూ ఆ పట్టికను నల్లబల్లపై వ్రాసి, పరీక్ష తప్పిన పిల్లలకు ధైర్యం చెప్పినవాణ్ణే. 1848లో కాంగ్రెసు సభ్యత్వానికి మరల పోటీ చేయబోతే సొంత పార్టీయే కాదన్నదని ఆ పట్టికలో ఒక పంక్తి. ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు.

పదవీ విరమణ తరువాత తీరిక చిక్కి లింకన్ ఉత్తరాలూ ప్రసంగాలూ చదువుతూ ఉండగా ఆ పంక్తి తప్పని తెలిసింది. అంతే అయితే ఒక దిద్దుబాటుతో సరిపోయేది. కాని అసలు కథ నేను పిల్లలకు చెప్పిన కథ కంటె ఎంతో విలువైనదని కూడా తెలిసింది. ఆ పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో! వారికి పడిన బాకీ ఈ టపాతో కొంతైనా తీర్చుకొంటాను.

ముందుగా ఒక మాట. ఇక్కడ కాంగ్రెసు అంటే మన పార్టీ కాదు, అమెరికా చట్టసభ. అందులో ప్రజలు నేరుగా ఎన్నుకొనే దిగువ సభ పేరు ప్రతినిధుల సభ. సభ్యుని పదవీకాలం రెండేళ్ళు మాత్రమే. లింకన్ ఆ సభలో ఉన్నది ఒకే ఒక్క పర్యాయం, 1847 మార్చి 4 నుండి 1849 మార్చి 4 వరకు.

ఆనాటికి ఇల్లినాయ్ రాష్ట్రంలో ఏడు నియోజకవర్గాలుండేవి. ఆరింటిలో డెమొక్రాట్లదే రాజ్యం. లింకన్ నివసించే స్ప్రింగ్‌ఫీల్డ్ ఉన్న ఏడవ నియోజకవర్గం ఒక్కటే విగ్ పార్టీకి కోట. కోట ఒకటి, దాని మీద కన్ను వేసిన యువనాయకులు ముగ్గురు: జాన్ హార్డిన్, ఎడ్వర్డ్ బేకర్, లింకన్. ముగ్గురూ న్యాయవాదులే, ముగ్గురూ మిత్రులే. 1843లో జరిగిన పార్టీ సమావేశంలో హార్డిన్‌కు అవకాశం దక్కింది. తరువాతి వంతు బేకర్‌ది అని అక్కడే తీర్మానించారు. బేకర్ తరువాత లింకన్ అన్నది ఆ వరుసలోని సహజమైన అవగాహన. ఒకరు ఒక పర్యాయం ఉండి, తప్పుకొని, తరువాతివానికి దారి ఇవ్వాలి. మన ఊళ్ళలో ఒకే చెరువు క్రింద రైతులు నీటి వంతులు పెట్టుకొంటారు చూడండి, అటువంటి ఏర్పాటు.

1846లో హార్డిన్ మాట మార్చి మరల పోటీకి సిద్ధపడ్డాడు. లింకన్ నోరు పారవేసుకోలేదు. వంతులవారీగా రావడమే న్యాయమన్న ఒకే వాదాన్ని ఊరూరా కార్యకర్తలకు ఉత్తరాలు వ్రాసి నిలబెట్టాడు. చివరకు హార్డినే తప్పుకొన్నాడు. అంటే లింకన్‌కు ఆ స్థానం దక్కిందే 'ఒక్కొక్కరికి ఒక పర్యాయం' అన్న మాట మీద. ఈ సంగతి గుర్తుంచుకొంటే తరువాత జరిగినదంతా తేటపడుతుంది.

ఎన్నికలో ప్రత్యర్థి పీటర్ కార్ట్‌రైట్, గుర్రమెక్కి ఊరూరా తిరిగి బోధించే మెథడిస్టు మతబోధకుడు. లింకన్ ఏ చర్చిలోనూ సభ్యుడు కాడు. అందుచేత అతడు క్రైస్తవాన్ని అవహేళన చేసే నాస్తికుడని ప్రచారం సాగింది. లింకన్ ఒక కరపత్రం అచ్చు వేయించి, తాను ఏ చర్చిలోనూ సభ్యుణ్ణి కానన్నది నిజమేనని ఒప్పుకొని, మతాన్ని మాత్రం ఎన్నడూ కించపరచలేదని స్పష్టం చేశాడు. 1846 ఆగస్టు 3న జరిగిన ఎన్నికలో లింకన్‌కు 6,340 ఓట్లు, కార్ట్‌రైట్‌కు 4,829 ఓట్లు వచ్చాయి. గెలిచిన కొన్ని నెలలకు ప్రాణమిత్రుడు జాషువా స్పీడ్‌కు వ్రాసిన ఉత్తరంలో, ఈ గెలుపు తాననుకొన్నంత సంతోషాన్ని ఇవ్వలేదన్నాడు.

గెలిచినా సభలో అడుగు పెట్టడానికి ఏడాదికి పైగా ఆగవలసి వచ్చింది. ఆనాటి పద్ధతి అది. 1847 డిసెంబరు 6న సభ కొలువు తీరింది. ఈలోగా దేశం ఒక యుద్ధంలోకి దిగి, దాదాపు గెలిచి కూర్చుంది.

ఆ యుద్ధం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మెక్సికో నుండి విడిపోయిన టెక్సాస్‌ను 1845లో అమెరికా తనలో కలుపుకొంది. టెక్సాస్ సరిహద్దు న్యూయెసెస్ నది అని మెక్సికో వాదం. కాదు, ఇంకా దక్షిణాన ఉన్న రియో గ్రాండే అని అమెరికా వాదం. అధ్యక్షుడు జేమ్స్ పోక్, డెమొక్రాట్, రెండు నదుల మధ్యనున్న ఆ వివాదాస్పద భూమిలోకి జనరల్ జకారీ టేలర్ సేనను పంపాడు. 1846 ఏప్రిల్ 25న అక్కడ ఘర్షణ జరిగి అమెరికా సైనికులు చనిపోయారు. మే 11న పోక్ కాంగ్రెసుకు సందేశం పంపుతూ, మెక్సికో మన గడ్డ మీద మన రక్తం చిందించిందన్నాడు. ప్రతినిధుల సభ 174కు 14 ఓట్లతో యుద్ధానికి ఒప్పుకొంది. వద్దన్న ఆ పద్నాలుగుగురిలో వృద్ధుడైన మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఒకడు.

లింకన్ ఎన్నికల ప్రచార కాలంలో యుద్ధాన్ని విమర్శించలేదన్నది నిజం. దాచవలసిన పని లేదు. సభకు వచ్చిన తరువాత, కాగితాలు చదివి, పోక్ తన చర్యను పదే పదే సమర్థించుకొంటూ ఉండగా విని, ఇక మౌనం అంగీకారమే అవుతుందని నిశ్చయించుకొన్నాడు. 1847 డిసెంబరు 22న, సభలో చేరి మూడు వారాలైనా నిండకముందే, ఎనిమిది ప్రశ్నల తీర్మానాన్ని ప్రవేశపెట్టాడు. అధ్యక్షుడు సెలవిచ్చిన ఆ రక్తం ఏ చోట చిందింది? ఆ చోటు ఒకప్పుడు స్పెయిన్‌దీ, ఆపై మెక్సికోదీ అవునా కాదా? అక్కడి జనం ఎన్నడైనా టెక్సాస్‌కు గాని అమెరికాకు గాని పన్ను కట్టారా, ఓటు వేశారా? అమెరికా సేన వస్తున్నదని తెలిసి ఇళ్ళూ పైరులూ వదలి పారిపోయారా లేదా? ప్రాణాలు పోయినవారు కాపురమున్న పౌరులా, అధ్యక్షుని ఆజ్ఞపై అక్కడికి వెళ్ళిన సాయుధ సైనికులా?

వకీలు సాక్షిని నిలదీసే పద్ధతి ఇది. ఒక్క ప్రశ్నకు నిజం చెప్పినా తక్కినవాటికి తప్పించుకొనే దారి లేదు. సభ ఆ తీర్మానాన్ని చర్చకే తీసుకోలేదు. పోక్ సమాధానమూ ఇవ్వలేదు.

1848 జనవరి 3న ఆష్మన్ అనే సభ్యుడు ఒక సవరణ తెచ్చాడు. ఈ యుద్ధాన్ని అధ్యక్షుడు అనవసరంగా, రాజ్యాంగ విరుద్ధంగా ప్రారంభించాడని దాని సారం. 85కు 81 ఓట్లతో నెగ్గింది. నెగ్గించినవారిలో లింకన్ ఒకడు. జనవరి 12న సుదీర్ఘంగా ప్రసంగించి పోక్ వాదాలను ఒక్కొక్కటిగా విప్పి చూపాడు. ఆ ప్రసంగంలోనే ఒక మాట దొర్లింది: తమ ప్రభుత్వం నచ్చని ఏ ప్రజలైనా, బలముంటే, దానిని త్రోసివేసి మరొకటి ఏర్పరచుకొనే హక్కు కలవారని. పదమూడేళ్ళ తరువాత దక్షిణ రాష్ట్రాలవారు ఆ మాటనే ఆయన మీద తిప్పి కొట్టారు. నోటి నుండి వెడలిన మాట వెనుకకు రాదు కదా!

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆయన వకాల్తా భాగస్వామి విలియం హెర్న్‌డన్ వయసులో చిన్నవాడు. ఊరిలో గాలి ఎటు వీస్తున్నదో తెలిసినవాడు. ఇదేమి పని చేశారని కలవరపడుతూ వ్రాశాడు. లింకన్ ఇచ్చిన జవాబులు రెండు నాకు కంఠస్థం చేయదగినవిగా తోచాయి. ఫిబ్రవరి 1 నాటి ఉత్తరంలో, నా స్థానంలో నీవుంటే అబద్ధమని తెలిసినదానికి ఓటు వేసేవాడివా అని నిలదీశాడు. ఫిబ్రవరి 15 నాటి ఉత్తరంలో అసలు సిద్ధాంతం చెప్పాడు. దండయాత్రను అడ్డుకొనడానికి అవసరమని అధ్యక్షుడు ఎప్పుడనుకొంటే అప్పుడు పొరుగుదేశం మీదికి పోవచ్చునని ఒప్పుకొంటే, అవసరమో కాదో తేల్చేవాడూ అతడే అవుతాడు, ఇక అతని అధికారానికి హద్దు ఎక్కడ? రాజులు తమ ప్రజలను యుద్ధాలలోకి ఈడ్చి దరిద్రుల్ని చేశారనే కదా, ఒక్క మనిషికి ఆ శక్తి ఉండరాదని రాజ్యాంగకర్తలు యుద్ధప్రకటనాధికారాన్ని కాంగ్రెసుకు ఇచ్చారు? ఇదీ ఆయన ప్రశ్న.

ఒక సంగతి మరువరాదు. సైనికులకు కావలసిన సరఫరాలకు లింకన్ ఎన్నడూ అడ్డు చెప్పలేదు. ఆ ఖర్చులకు అనుకూలంగానే ఓటు వేశాడు. యుద్ధానికి పంపినవాణ్ణి ప్రశ్నించడం వేరు, పోయినవానికి అన్నం లేకుండా చేయడం వేరు అన్నది ఆయన వివేకం.

ఇక ఇంట జరిగినది చూడండి. ఇల్లినాయ్ నుండి యువకులు వేలాదిగా ఆ యుద్ధానికి వెళ్ళారు. మొదటి వంతు సభ్యుడైన హార్డిన్ 1847 ఫిబ్రవరిలో బ్యూనా విస్టా పోరులో వీరమరణం పొందాడు. రెండవ వంతు బేకర్ సైన్యంలో చేరడానికి సభ్యత్వాన్నే వదలుకొన్నాడు. మూడవ వంతువాడు మాత్రం రాజధానిలో కూర్చొని ఆ చోటు ఏదీ, ఆ చోటు ఏదీ అని అడుగుతున్నాడు! డెమొక్రాటు పత్రికలకు పండుగైంది. ఇంగ్లీషులో 'స్పాట్' అంటే చోటు, మచ్చ అని రెండర్థాలు. ఆ శ్లేషతో ఆయనకు 'స్పాటీ లింకన్' అని పేరు పెట్టారు. ఒళ్ళంతా మచ్చలు తేలే 'స్పాటెడ్ ఫీవర్' తగిలి అతని రాజకీయ జీవితం ముగిసిందన్నారు. వంటికి తగిలిన దెబ్బ మానుతుంది గాని శ్లేష అతుక్కుంటే వదలదు. పదేళ్ళు ఆయనను వెంటాడింది.

ఇప్పుడు నా నల్లబల్ల మీది పంక్తికి వస్తాను. రెండవ పర్యాయం పోటీ చేయమని హెర్న్‌డన్ సూచించగా 1848 జనవరి 8న లింకన్ జవాబు వ్రాశాడు. వేరెవ్వరికీ అక్కరలేకపోతే ప్రజల మాట కాదనను, కాని ఇంకొకరితో పోటీకి దిగడానికి నా మాటా నా మర్యాదా ఒప్పుకోవు అని. తారీఖులు చూడండి: ఇది జనవరి 12 ప్రసంగానికి ముందు. హార్డిన్‌ను ఏ వాదంతో తప్పుకోమన్నాడో అదే వాదానికి తానూ కట్టుబడ్డాడు. పార్టీ కాదనలేదు, ఆయన అడగలేదు. మరల అవకాశం రాదా అన్న ఆశ ఆ ఉత్తరం అంచున లేకపోలేదు. ఆశ ఉండి కూడా మాట తప్పకపోవడమే గొప్ప.

తరువాతి వంతు ఆయన పూర్వ భాగస్వామి స్టీఫెన్ లోగన్‌ది. 1848 ఆగస్టులో యుద్ధవీరుడు థామస్ హారిస్ చేతిలో లోగన్ 106 ఓట్లతో ఓడిపోయాడు. విగ్గుల ఏకైక కోట కూలింది. దోషం లింకన్‌దే అన్నారు చాలామంది. లోగన్‌కు జనాకర్షణ లేదనీ, అదే సంవత్సరం నవంబరులో విగ్ అధ్యక్ష అభ్యర్థి టేలర్‌కు అదే నియోజకవర్గంలో ఆధిక్యం వచ్చిందనీ తరువాతి చరిత్రకారులు గుర్తుచేశారు. నింద మాత్రం లింకన్‌కే మిగిలింది. ఆయన ఓటమి అంటూ ఏదైనా ఉంటే, అది ఓట్లలో కాదు, ఊరివారి మనసులో.

ఆయనను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. ఏ యుద్ధాన్ని తప్పన్నాడో ఆ యుద్ధంలో పేరు గడించిన టేలర్‌నే అధ్యక్షుణ్ణి చేయడానికి లింకన్ ఊరూరా తిరిగి ప్రచారం చేశాడు. తన ఆరాధ్యుడైన హెన్రీ క్లేను సైతం, గెలవలేడన్న లెక్కతో, ప్రక్కన పెట్టాడు. రాజకీయం తెలిసినవాడే, పావులు కదపగలవాడే. అటువంటివాడు లాభం లేని చోట నిజం పలకడం వల్లనే ఆ పలుకుకు అంత బరువు వచ్చింది.

వాషింగ్టన్‌లో ఆయన బస చేసింది కాపిటల్ భవనానికి ఎదురుగా మిసెస్ స్ప్రిగ్ నడిపే భోజన వసతి గృహంలో. ఈనాడు అక్కడ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉంది. బానిసత్వాన్ని తీవ్రంగా వ్యతిరేకించే ఒహాయో సభ్యుడు జాషువా గిడ్డింగ్స్ కూడా అక్కడే ఉండేవాడు. 1848 జనవరిలో ఆ ఇంట్లో వడ్డన చేసే ఒక నల్లజాతి పనివానిని బానిసలను పట్టేవారు వచ్చి బలవంతంగా ఈడ్చుకుపోయారు. ఆ మనిషి తన స్వేచ్ఛను తానే కొనుక్కొంటూ, చాలా సొమ్ము అప్పటికే చెల్లించి ఉన్నాడు. ప్రతిదినం తమకు అన్నం పెట్టిన మనిషి! చట్టసభ కిటికీలలో నుండి చూస్తే బానిసలను మంద కట్టి ఉంచే కొట్టం కనపడేదని, అది గుర్రాల శాల వంటిదని లింకన్ 1854లో ఒక ప్రసంగంలో తలచుకొన్నాడు.

1849 జనవరి 10న, పదవీకాలం ఇంకా రెండు నెలలైనా లేనప్పుడు, రాజధాని ప్రాంతంలో బానిసత్వాన్ని క్రమంగా తొలగించే బిల్లు ముసాయిదాను సభలో చదివాడు. 1850 జనవరి 1 తరువాత బానిస తల్లులకు పుట్టేవారు స్వతంత్రులు. ఉన్న బానిసలను విడిపించే యజమానులకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. అయితే ముందు స్థానిక శ్వేతజాతి పురుషుల ఓటు కావాలి. బయటినుండి పారిపోయి వచ్చిన బానిసలను పట్టి అప్పగించాలన్న నిబంధన కూడా అందులో ఉంది. ఆ నిబంధనను ఎత్తిచూపి 1860లో వెండెల్ ఫిలిప్స్ అనే ఉద్యమకారుడు ఆయనను బానిసలను తరిమే వేటకుక్క అని నిందించాడు. ఆనాటి పరిస్థితిలో ఇంతకంటె మంచి బిల్లు దొరకదని గిడ్డింగ్స్ తన దినచర్యలో వ్రాసుకొన్నాడు. మద్దతిస్తామన్న పెద్దలు వెనుకకు తగ్గారు. లింకన్ బిల్లును ప్రవేశపెట్టనే లేదు.

పదవి ముగిసింది. జనరల్ లాండ్ ఆఫీస్ కమిషనరు ఉద్యోగం కోసం ప్రయత్నిస్తే అది జస్టిన్ బటర్‌ఫీల్డ్ అనే మరొకరికి పోయింది. సుదూరపు ఒరెగాన్ ప్రాంతానికి గవర్నరుగా వెళ్ళమంటే వద్దన్నాడు. 1849 మే నెలలో, ఇసుకమేటలపై చిక్కిన పడవలను లేపే పరికరానికి పేటెంటు పొందాడు. 1850 ఫిబ్రవరిలో, బేకర్ పేరు పెట్టుకొన్న రెండవ కుమారుడు ఎడ్వర్డ్ నాలుగేళ్ళైనా నిండకుండా కన్నుమూశాడు. లింకన్ మరల కోర్టుల వెంట గుర్రపు బండిలో తిరగసాగాడు. కథ ఇక్కడ ముగిసి ఉంటే నేనీ టపా వ్రాసేవాణ్ణి కాను, మీరూ చదివేవారు కారు.

1858లో సెనేటు పోటీలో స్టీఫెన్ డగ్లస్ పాత శ్లేషను మరల తవ్వి తీశాడు. ఆగస్టు 21న ఒట్టావాలో జరిగిన మొదటి వాదంలోనే, ఈ మనిషి యుద్ధకాలంలో శత్రువు పక్షం వహించాడన్నాడు. చార్లెస్టన్ సభలో లింకన్ చేసిన పని చూడండి. వేదిక మీద డెమొక్రాటుల వైపు కూర్చున్న ఓర్లాండో ఫిక్లిన్ అనే పాత సహసభ్యుణ్ణి పట్టి ముందుకు లాగి, నాతో సభలో ఉన్నావు, సైనికుల సరఫరాలకు నేను అడ్డుపడ్డానా చెప్పు అని జనం ముందు నిలబెట్టాడు. ఫిక్లిన్ తెలివైనవాడు. ఆష్మన్ సవరణకు లింకన్ ఓటు వేసిన సంగతి తనకు తెలుసునన్నాడు. అది నిజమేనని లింకన్ ఒప్పుకొన్నాడు. పదేళ్ళు దెబ్బలు తిన్న తరువాత కూడా ఆ ఓటును కాదనలేదు.

1861లో కథ తిరగబడింది. అధ్యక్షుల అధికారానికి హద్దులు అడిగిన మనిషే అధ్యక్షుడయ్యాడు. ఫోర్ట్ సమ్టర్‌పై దాడి జరగగానే, కాంగ్రెసు సమావేశంలో లేనప్పుడే 75,000 మందిని సైన్యానికి పిలిచాడు. కొన్ని చోట్ల హెబియస్ కార్పస్ హక్కును నిలిపివేశాడు. పొరుగుదేశం మీదికి దండెత్తడం వేరు, ఇంట్లో తిరుగుబాటును అణచడం వేరు అని సమర్థించవచ్చు. హెర్న్‌డన్‌కు వ్రాసిన ఉత్తరం చదివినవారికి మాత్రం మనసులో ఒక ముల్లు మిగులుతుంది. దానిని పీకివేయడం నా తరం కాదు.

1848 ఫిబ్రవరి 2న సభలో ఒక బక్కపలుచని జార్జియా సభ్యుడు యుద్ధాన్ని ఖండిస్తూ చేసిన ప్రసంగం విని, తన ఎండిన కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయని లింకన్ ఆ రోజే వ్రాశాడు. అతడు అలెగ్జాండర్ స్టీఫెన్స్. తరువాత తిరుగుబాటు రాష్ట్రాల కూటమికి ఉపాధ్యక్షుడైనవాడు. 1865 ఫిబ్రవరి 3న సంధిమాటల కోసం ఇద్దరూ ఒక నౌకలో కలిశారు. సంధి కుదరలేదు. వెళుతూ వెళుతూ స్టీఫెన్స్, బందీగా ఉన్న తన సోదరుని కొడుకును గూర్చి అడిగితే లింకన్ ఆ యువకుణ్ణి విడిపించి పంపాడు.

చివరిగా ఒక తారీఖు. 1862 ఏప్రిల్ 16. రాజధాని ప్రాంతంలో బానిసత్వాన్ని రద్దు చేస్తూ, యజమానులకు పరిహారమిచ్చే చట్టం మీద అధ్యక్షుడు లింకన్ సంతకం చేశాడు. ఈసారి క్రమంగా అన్న మాట లేదు, స్థానికుల ఓటూ లేదు. మూడు వేల మందికి పైగా స్వేచ్ఛ పొందారు. ప్రసిద్ధమైన విముక్తి ప్రకటన అమలుకు ఎనిమిదిన్నర నెలల ముందు మాట ఇది. పదమూడేళ్ళ క్రితం, రెండు నెలల గడువు మిగిలిన ఒక సభ్యుడు చదివి, ఎవ్వరూ తోడురాక జేబులో పెట్టుకొన్న కాగితానికి అది కొడుకు కాకపోయినా మనుమడు.

1858లో కాంగ్రెసు సభ్యుల నిఘంటువు కోసం వివరాలు అడిగితే, లింకన్ తన చదువు లోపభూయిష్ఠమని వ్రాసి, దిగువ సభలో సభ్యుడనని ముక్తసరిగా చెప్పి ఊరుకొన్నాడు. నేనా రెండేళ్ళను ఓటముల జాబితాలో వేశాను. ఇప్పుడు నల్లబల్ల ముందు నిలబడే అవకాశం వస్తే ఆ పంక్తిని తుడిచి, ఇచ్చిన మాటకు కట్టుబడి తప్పుకొన్నాడు అని వ్రాస్తాను. పరీక్ష తప్పిన పిల్లలకు ఆ వాక్యం ఎంత ధైర్యమిస్తుందో చెప్పలేను. పరీక్ష నెగ్గిన పిల్లలకు మాత్రం తప్పక అవసరం.

నా పొరపాట్లేమైనా ఉంటే పెద్దలు సవరించగలరు.

స్వస్తి.